ఆరు సెకన్లు ఎక్కువ

ముల్లు తొంభై నాలుగు దాటినంక
తొంభై ఐదు రాకముందు
గీతంత జాగల ఉండేది మా స్టేషన్.
సుబేదారిల, కంటి దవాఖాన మీది అంతస్తు.
గోడలకు కోడిగుడ్ల అట్టలు,
కిటికీకి గోనెసంచి,
మెట్ల పొడుగూత స్పిరిట్ వాసన.

ఓరుగల్లుల చరిత్ర అంటే రాజులదే అనుకుంటరు.
మాది బోర్డుల చరిత్ర.
మొదట 'తోరణం ఎఫ్ఎం',
రెండేండ్లకు 'తోరణం మ్యూజిక్',
ఓనరు కొడుకు పెండ్లయినంక
కోడలి పేరు మీద 'హాసిని రేడియో'.
పెయింటర్ యాకయ్య మూడుసార్లూ
పాత అక్షరాల మీద్నే కొత్తయి రాసిండు.
వాన పడితె 'తో' బయటికొచ్చేది.

నేను చిట్టా రాసేదాన్ని.
ఏ ప్రకటన, ఏ యాల్లకు, ఎన్ని సెకన్లు.
పది సెకన్లకు నలభై రూపాయలు.
బంగారి దుకాణం, బోరుబండి, మొలల డాక్టరు,
ఎంసెట్ కోచింగు, మల్ల బంగారి దుకాణం.
పాటలు నడుమ సందు నింపెటందుకు.

లంబాడి గంట ప్రేమతోని మొదలుకాలే,
ఉన్నదున్నట్టు చెప్తున్న.
ఓనరు చిదురాల సాంబమూర్తిది విత్తనాల దుకాణం.
నర్సంపేట దిక్కు తండాలల్ల
మిరప గింజలు అమ్ముడుపోవాలె.
"వాళ్ల మాటల చెప్పెటోళ్లను పట్టుకరాండ్రి" అన్నడు,
లారీకి హమాలీలను అడిగినట్టు.

వచ్చింది మాలోతు కేళి.
డిగ్రీల ఒక్క సబ్జెక్టు మిగిలింది.
మైకు ముందట కూసొని
చానసేపు నోరు తెరువలే.
అద్దం అవుతలికెల్లి యాకూబ్ పాషా బొటనవేలు లేపిండు.
"యాడీ, బాపూ, రామ్ రామ్."

గంతే.
ఏనుమాముల మార్కెట్ల
మిర్చి బస్తాల మీద ఒరిగినోళ్లు
లేచి కూసున్నరట.
ఒక ముసలామె ఫోను చెవికాడికెల్లి తీసి
తిప్పి తిప్పి చూసిందట,
మనోళ్లు ఇండ్లకు ఎట్ల జొచ్చిండ్రని.
తర్వాత మనుషులే మెట్లెక్కి వచ్చిండ్రు,
తువ్వాల్ల అనపకాయలు, జొన్నరొట్టెలు.
ఎద్దు తప్పిపోయింది, జర చెప్పుమన్నడు ఒకాయన.
కేళి చెప్పింది.
ఎద్దు దొరికింది.
చిట్టాల ఏ పద్దు కింద రాయాల్నో
నాకు ఇప్పటికీ తెల్వదు.

ఆ ఏడు మిరప పూత పూసింది, కాయ పట్టలే.
మల్లేడు అదే గింజ, కొత్త సంచి.
ప్రకటన రోజుకు ఆరుసార్లు.
కేళి ముప్పై సెకన్లు చదివింది,
కాయితం బోర్లేసింది,
ఇంకో ఆరు సెకన్లు మాట్లాడింది.
ఆ బిల్డింగుల ఎవ్వరికీ ఆ భాష రాదు.
గడియారం ఒక్కటే పట్టుకున్నది.

వారం తిరుగకముందే సాంబమూర్తి మెట్లెక్కిండు.
"ఏం చెప్పిందామె?"
నేను చిట్టా చూపించిన: ముప్పై ఆరు.
"ఆ భాషల మాటలు జర పొడుగు సార్" అన్నడు యాకూబ్
వైరు చుట్టుకుంట.
తెల్లారి కేళి కుర్చి ఖాళీ.
ఏడాదికి స్టేషనే అమ్ముడుపోయింది,
పట్నం కంపెనీకి.
ఇప్పుడు ఆ గీతంత జాగల ఎవరో నవ్వుతనే ఉంటరు,
మా ఊర్ల వాన పడ్డ సంగతి తెల్వకుంట.

పన్నెండేండ్లకు
మార్కెట్ కాంట కాడ కనపడ్డది కేళి,
తన మిర్చి, తన బస్తాలు.
ఘాటుకు ఇద్దరం తుమ్మినం.
అడిగిన.
తలకాయ రుమాలు సదురుకుంట నవ్వింది:
"ఏమన్న? గింజలు కొంటె బిల్లు అడుగుండ్రి,
బిల్లు లేకుంటె ఎక్కడ నిలబడి కొట్లాడుతరు, అన్న.
గంతే అక్కా."

ఆ ఆరు సెకన్లకు ఇరవై నాలుగు రూపాయలు
నా జీతంలకెల్లి కోసిండ్రు.
వేలకు వేల ప్రకటనలు రాసిన నేను.
పైసలిచ్చి కొన్నది
అదొక్కటే.