హాజరు

ఆగస్టులో అట్టపెట్టెలో వచ్చింది బడి.
లాప్‌టాప్, హెడ్‌ఫోన్లు,
అరచేతిలో పట్టే మైక్రోస్కోపు,
చిన్న పొట్లంలో ఎనిమిది బఠాణీ గింజలు.
ఓరిన్ పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు,
లోపల ఇంకెవరైనా పిల్లలున్నారేమోనని.

నాది మంచు తోసే బండి.
పెన్సిల్వేనియాలో, బొగ్గు ఊడ్చుకుపోయిన ఈ కొండల మధ్య
నవంబరు నుంచి మార్చి దాకా
లోకం నిద్రపోయే వేళ నా ఉద్యోగం.
బడి బస్సు వెళ్ళడానికి దారి చేసేది నేనే.
ఆ బస్సులోనే వాణ్ణి ఏడిపించారు.

వాడికి మాట తడబడుతుంది. తడబడడం కూడా కాదు,
గొంతులో తలుపు పడిపోతుంది.
రోజూ పొద్దున పేరు పిలిచినప్పుడు
"ఉన్నాను" అనాలి. ఒక్క మాట.
ఆ ఒక్క మాట కోసం క్లాసంతా
ముందే నవ్వు సిద్ధం చేసుకునేది.
ఒకరోజు వాడసలు నోరు తెరవలేదు.
రాలేదని పడింది రిజిస్టరులో,
కుర్చీలో వాడు కూర్చునే ఉండగా.

సంతకం పెట్టే ముందు సాయంత్రం
ఎదురింటి వెర్నా హ్లవాటి వచ్చింది, గుమ్మడి రొట్టెతో.
ముప్ఫై ఒక్క ఏళ్ళు నాలుగో తరగతి చెప్పిన మనిషి.
"పిల్లాడి వెంట డబ్బు కూడా పోతుంది, వెల్డన్.
పోయినేడు లైబ్రరీ ఆవిడ. ఈ ఏడు బ్యాండు."
అరవలేదు. అరిచుంటే తలుపు వేసుకునేవాణ్ణి.
రొట్టె కోసి పెద్ద ముక్క నాకే పెట్టింది.

ఎంపిక అంటారు దీన్ని.
రాజధానిలో టై కట్టుకున్నవాళ్ళు
పిప్పరమెంటు బిళ్ళలా చప్పరిస్తారా మాటని.
మా వీధి దుకాణంలో రెండే రకాల బూట్లు,
రెండూ వాడి కాలికి బిగుతే.
ఏదో ఒకటి కొనక, మంచులోకి వట్టికాళ్ళతో పంపుతానా?
కొన్నాను. కొన్నందుకు మెచ్చుకోకండి.
తిట్టాలంటే వెర్నా ఒక్కతే తిట్టాలి.
తిట్టదు.

టీచరు మంచిదే. తెర మీద తపాలాబిళ్ళంత ఉంటుంది.
వెనక ఎక్కడో పసిబిడ్డ ఏడుస్తుంది,
ఆమె గొంతు ఆగిపోతుంది, పెదాలు కదులుతూనే ఉంటాయి.
పక్కన నిలువు వరసలో నూట ఎనభై పేర్లు.
మావాడు టైపు చేసి జవాబిస్తాడు. వేళ్ళకి నత్తి లేదు.
ఒకసారి "చాలా బాగుంది ఓరిన్" అని వచ్చింది.
ఆ పూట రెండు గుడ్లు ఎక్కువ తిన్నాడు.

ఫిబ్రవరిలో, రాత్రంతా మంచు తోసి
ఇంటికొచ్చేసరికి పాఠం నడుస్తోంది, కుర్చీ ఖాళీ.
బల్ల మీద మా నాన్న చేతి గడియారం, వెల్లకిలా.
దాని అద్దం మీద మౌసు.
కింద సెకన్ల ముల్లు పాకుతోంటే
తెర మీద బాణం ఉలిక్కిపడుతోంది, ప్రాణమున్నట్టు.
యంత్రం లెక్కలో మావాడు హాజరు.

అరికాలి మంట నెత్తికెక్కింది.
కేకేద్దామని కిటికీ దగ్గరికి వెళ్ళాను.
ఎదురింటి మెట్ల మీద వాడు, చేతిలో పార.
పై మెట్టు మీద వెర్నా, కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా.
వాడేదో చెబుతున్నాడు. దవడ బిగిసింది, మెడ వంగింది,
మాట రావడం లేదు.
ఆమె అందివ్వలేదు. చూపు తిప్పలేదు.
ఆ చలిలో, బస్సు కోసం నిలబడ్డట్టు,
ఆలస్యమైనా వస్తుందని తెలిసినట్టు నిలబడి ఉంది.
వచ్చింది. ఏమన్నాడో నాకు వినపడలేదు.
ఆమె నవ్వింది.

కిటికీ గట్టు మీద పెరుగు డబ్బాల్లో
ఎనిమిదింట అయిదు బఠాణీలు మొలిచాయి.
వెనక తెర టింగుమంది.
"ఓరిన్, ఇంకా ఉన్నావా?"
కింద ఒక్కటే మీట.
చేతితొడుగు తీశాను. వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి.
గడియారం జేబులో వేసుకుని
వాడి కుర్చీలో కూర్చున్నాను.
నొక్కాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.