ఏడో చిత్తుప్రతి

పియోరియాలో జనవరి.
ఆఫీసు కిటికీకి లోపలివైపు కూడా మంచు పట్టింది.
స్టోవాల్ గారు చెబుతున్నారు, నేను టైపు చేస్తున్నాను:
బోర్డుకి ఉత్తరం, బాయిలర్ గురించి.

మొదటి ప్రతిలో "ఇది అన్యాయం" అని ఉంది.
రెండోదానిలో "ఇది సరికాదు".
మూడోదానికి వచ్చేసరికి
"మీ దృష్టికి తెస్తున్నందుకు సంతోషం".
సంతోషమెక్కడిదండీ, అన్నాను.
కోటు విప్పకుండానే నవ్వారు.
"నేను కోప్పడితే, వారిజా,
వాళ్ళకి బాయిలర్ కనబడదు.
నేనే కనబడతాను."

ఈ బడి ఆయనకి ఎప్పుడిచ్చారో
ఫైళ్ళు సర్దే నాకు తెలుసు.
మూడేళ్ళలో ముగ్గురు తెల్ల ప్రిన్సిపాళ్ళు
చేతులు దులుపుకుని పోయాక,
కప్పు కారుతున్నాక, మార్కులు అడుగంటాక
అప్పుడు గుర్తొచ్చింది వాళ్ళకి,
పద్దెనిమిదేళ్ళుగా వైస్ ప్రిన్సిపాల్ కుర్చీలో
ఒక సమర్థుడున్నాడని.
తడి కట్టెలు చేతికిచ్చి
పొయ్యి రాజుకోలేదేమని పొద్దున్నే అడుగుతారు.

రాజుకుంది కూడా.
నిరుడు లెక్కల్లో పదకొండు శాతం పెరిగితే
అభినందన రాలేదు, ఆడిటర్లు ఇద్దరొచ్చారు.
జవాబు పత్రాలు వెలుతురుకెత్తి చూశారు,
దొంగనోటు చూసినట్టు.

ప్రతి పీరియడ్‌కీ ఎవరో ఒకరు
ఒక నల్లపిల్లాణ్ణి ఆయన గుమ్మంలో వదిలిపోతారు.
"మీ మాటయితే వింటాడు."
మొన్న జాకోబీ. ఆరో తరగతి. నేరం: బల్ల మీద దరువు.
ఆయన తిట్టలేదు. అదే దరువు ఒకసారి వినిపించమన్నారు.
తర్వాత మేడమీదికెళ్ళి టీచరుతో పావుగంట మాట్లాడారు.
ఆ పావుగంట సాయంత్రానికి ఫిర్యాదై బోర్డుకి చేరింది.
ఆయన "వాళ్ళ" పక్షమట.
నిన్న ఒక తల్లి, ఆయన చర్చి ఆవిడే,
"నువ్వు వాళ్ళ మనిషివైపోయావు" అని విసవిసా వెళ్ళింది.
చాలాసేపు ఆయన
స్టేప్లర్‌లో పిన్నులు నింపుతూ కూర్చున్నారు,
అప్పటికే నిండి ఉన్న స్టేప్లర్‌లో.

నేను మంచిదాన్నని చెప్పుకోను.
నాలుగేళ్ళ కిందట, ఉద్యోగం మొదటి రోజు,
ఈ గదిలోనే, రేడియేటర్ ముందు మోకాళ్ళ మీద
చొక్కా చేతులు మడిచిన మనిషిని చూసి
"పని ఎప్పటికవుతుంది? ప్రిన్సిపాల్ గారొస్తారు" అన్నాను.
"వచ్చేశారమ్మా" అన్నారు, పానా కింద పెట్టకుండా.
రంగు గురించి మా ఇంట్లో విన్న మాటలన్నీ
నాతోపాటే విమానం దిగాయని ఆ రోజు తెలిసింది.
క్షమాపణ ఇంకా చెప్పలేదు.
అదీ చిత్తుప్రతుల్లోనే ఉంది.

నాలుగున్నర. ఏడో ప్రతి.
"వీలైతే" అన్న మాట దగ్గర ఆగారు.
తీసెయ్యి, అన్నారు.
తీసేశాను.
మళ్ళీ పెట్టు.
పెట్టాను.
గొట్టాల్లో ఏదో రెండుసార్లు కొట్టుకుని ఊరుకుంది.
ఆయన టై విప్పి సొరుగులో పెట్టి,
పానా తీసుకుని కిందికి వెళ్ళారు.

తెర మీద కర్సర్ ఆ మాట పక్కనే
ఆరుతూ వెలుగుతూ ఉంది.
నా వేలు డిలీట్ మీద.
నొక్కితే ధైర్యం నాది,
పోయే ఉద్యోగం ఆయనది.