పదకొండో అధ్యాయం

ముసఫా క్యాంపు, పద్నాలుగో నంబరు రూము, పై మంచం.
ఏసీ నీళ్లు బకెట్లో పడే చప్పుడులో
పదకొండో అధ్యాయం రాస్తున్నాను: ప్రామిస్.

"మాటిచ్చిన కోడు వెంటనే జవాబు చెప్పదు.
దానికి మూడే స్థితులు:
నెరవేరింది, తప్పింది, ఇంకా తేలలేదు."

కింది మంచం లస్మయ్య చదివించుకుని నవ్వాడు:
"మా ఏజెంటు మాటకు మూడోదొక్కటే గద తమ్మీ!"
అది అలాగే ఉదాహరణలో పెట్టాను.

ఈ పుస్తకానికి వెల లేదు.
ఫర్వానియాలో యజమాని పిల్లల్ని నిద్రపుచ్చాక
సుగుణ అచ్చుతప్పులు దిద్దుతుంది.
నేను రిటర్న్ అని వదిలేసిన చోట
"తిరిగిచ్చేది" అన్న మాట ఆమెదే.
రువీలో టీకొట్టు ఖాదర్, రాయచోటి మనిషి,
సర్వర్ అద్దెకని నెలకో రియాలు పంపుతాడు.
తనకి కోడు రాదు. కొడుక్కి వస్తే చాలట.

నిన్నెవరో రాశారు, పేరు లేదు, ఊరు లేదు:
"నలభయ్యో పేజీలో బ్రాకెట్ మూయలేదన్నా."
నిజమే.
ఆర్నెల్లుగా తెరిచే ఉంది.
ఎందరు ఆ పేజీలో ఆగిపోయి
తప్పు తమదే అనుకున్నారో.

నాలుగింటికి సైటు బస్సు హారన్.
బ్రాకెట్ మూసి కిందికి దిగితే
లస్మయ్య
నా బూట్లలో ఇసుక దులుపుతున్నాడు.