సున్నం కింద మంచుబండి

ఆ బురుజు గదిలో పొయ్యి రాజేసేదాన్ని నేను.
పేరు ఎలీన్. రాజులు మారారు గానీ
నా జీతం మారలేదు: ఏడాదికో జత తోలుచెప్పులు,
పీపాడు ఉప్పుచేప.

మొదట తమ్ముణ్ణి తెచ్చారు, సూనె దొరని.
సరస్సు అంచున అప్పుడే గాజుపెంకులా మంచు కడుతోంది.
అన్న రాగ్వాల్డ్ కిరీటం పెట్టుకుని మూడేళ్లు.
చెప్పకుండా పొరుగు రాజుకి ఉత్తరం రాశాడట తమ్ముడు.
అందుకే సిరా ఇవ్వొద్దని ఆజ్ఞ. కాగితం ఇవ్వొద్దని ఆజ్ఞ.
బొగ్గు సంగతి ఎవరికీ తోచలేదు.

బిర్చి కట్టె కాలగా మిగిలిన ముక్కతో
కిటికీ పక్క గోడమీద గీశాడు:
ఒక మంచుబండి, దానిమీద ఇద్దరు పిల్లలు.
ముందువాడి తలకి టోపీ. వెనకవాడికి లేదు.
"ఆ రోజు మంచు పగిలింది," అన్నాడు,
నాతో కాదు, మంటతో.
"జుట్టు పట్టి లాగాను వాణ్ణి.
లేకపోతే ఇవాళ రాజేడీ?"

ఐదు చలికాలాలు.
ఐదో దాని చివర సైన్యం తిరగబడింది.
తాళం అదే, చెవి అదే,
దాన్ని మోసే కుంటి యోవార్ కూడా వాడే.
లోపలివాడే మారాడు.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఎందుకిమడవు? ఒకటి తీసి ఇంకోటి పెడితే సరి.

రాగ్వాల్డ్ వచ్చిన రాత్రి
అతని వేళ్లకి ఉంగరాల చోట తెల్లటి చారలు.
వేడి చాలదని నన్ను తిట్టాడు.
తర్వాత గోడ చూశాడు.
చాలాసేపు చూశాడు.
"టోపీ నాదే. కానీ ముందు కూర్చున్నది వాడు.
వాడు మునిగితే కాలరు పట్టి లాగింది నేను."
బొగ్గు అడిగాడు. ఇచ్చాను.
ఇవ్వొద్దని ఈసారీ ఎవరూ అనలేదు మరి.
బొటనవేలు తడిచేసి ముందువాడి టోపీ తుడిచాడు,
వెనకవాడికి పెట్టాడు.
మర్నాడు బూడిదెత్తడానికి వెళ్లేసరికి
అదీ తుడిచేసి ఉంది.

నేను నోరు మెదపలేదు.
ఆ రోజు ఇద్దర్నీ లాగింది మా మామ, కెట్టిల్.
మంచుమీద బోర్లా పడుకుని, గాలపు కర్ర చాచి,
ఎవరు అందితే వాళ్లని.
ముందెవరు అందారని అడిగితే
"తడిసినాక అంతా ఒకటే బరువే పిల్లా" అనేవాడు.
ఎడమచేతి రెండు వేళ్లు ఆ చలికే రాలిపోయాయి.
కోట నుంచి ఒక వెండి నాణెం వచ్చింది.
దాంతో మేకని కొన్నారు. అది ఎక్కువకాలం బతకలేదు.
చేపల కోసం ఆ కన్నం తవ్విందీ ఆయనే.
ఆ మాట మా ఇంటి గడప దాటలేదు.

పెద్దాయన ఫిబ్రవరిలో పోయాడు.
ఎలాగని నన్నడక్కండి,
నేను పొయ్యి మాత్రమే చూసేదాన్ని.

ఈస్టరు ముందు వారం కొత్త రాజు
కాపలా లేకుండా మెట్లెక్కి వచ్చాడు.
కొవ్వొత్తి గోడ దగ్గరికి జరిపాడు.
బండిమీద ఇద్దరు, ఇద్దరివీ ఉత్త తలలే.
"ఎవరు తుడిచారు?"
"తేమ, ప్రభూ," అన్నాను.
మైనం తన చేతిమీద కారుతున్నా కదల్లేదు.
వెళ్లేముందు సున్నం వేయమన్నాడు.

వేశాను, రెండు పూతలు.
అయినా మంచు కరిగే రోజుల్లో గోడ చెమరుస్తుంది,
బండి పైకి తేలుతుంది,
ముందు జారుచెక్కలు, తర్వాత తలలు.

కన్నం మటుకు
వాళ్లిద్దరిలో ఎవరూ గీయలేదు.