అమాయి

నెట్ షాపు కుర్రాడు బికాశ్ అడిగాడు:
"మావుసీ, ఈ గడిలో ఏం రాయమంటావు?
ఆ పిల్లకీ నీకూ ఏటి సంబంధం?"
విదేశం మనిషి ఇంట్లో దిగితే
ఇరవై నాలుగ్గంటల్లో ఫారం పంపాలట.
"రెండువేల రెండొందలు, కరెంటు వేరు" అన్నాను.
వాడు నవ్వి, గడిలో గీత పెట్టేశాడు.

పేరు చికొండి మ్వాలే.
ఊరు మలావీలో, ఏదో సరస్సు పక్కన.
చదువు పర్లాకిమిడిలో, వ్యవసాయం.
మా వీధికి ఆ పేరు నోరు తిరగలేదు,
మూడోనాటికి కొండమ్మ అయిపోయింది.

మొదటి ఆదివారం మేడ మీద
నీలం చీర పరిచి పెట్టిన గుమ్మడి వడియాలు
సగం ఎండి ఉన్నాయి.
కాకులు పాడుచేశాయనుకుందో ఏమో
ఒక్కొక్కటీ గోటితో గీకి పారేసి
చీర ఉతికి, ఆరేసి, మడతపెట్టి
రెండు చేతులా తెచ్చి ఇచ్చింది.
తిట్టడానికి నోరు తెరిచాను.
"అమాయి" అంది.

అమ్మాయి!
యాభై నాలుగేళ్లు నాకు.
రోజుకి ఎనిమిది జాకెట్లు కుట్టి కుట్టి
మెడ మిషను వైపే వంగిపోయింది.
నన్ను అమ్మాయీ అన్న ఆఖరి మనిషి మా మేనత్త,
ఆవిడ పోయి ఇరవయ్యేళ్లు.
వడియాల సంగతి మర్చిపోయి
కాఫీ కలిపాను.

ఇంక రోజూ అదే పిలుపు.
అమాయి, అని ఖాళీ బకెట్టు బోర్లించి చూపిస్తుంది.
అమాయి, గోడ మీద బల్లి.
మొక్కజొన్న పిండి కెలికి కెలికి
నా ఇత్తడి గిన్నె అడుగు మాడ్చినప్పుడూ, అమాయి.
నేను జడ బిగించి వేసుకోవడం మొదలుపెట్టాను.

నేను నేర్పిన మొదటి తెలుగు మాట, చాలు.
అన్నం వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి, చాలు.
తెగ నచ్చింది దానికి.
మర్నాడు కాలేజీ గేటు దగ్గర
ఆటోవాడి భుజం తట్టి "చాలు, చాలు" అందట.
వాడు మోహన కొండల్లోంచి దిగినవాడు,
చాలో అంటే వాడికి, పద.
పిల్ల తొందర్లో ఉందని ఇంకా తొక్కాడు.
ఇది ఎంత గట్టిగా చాలంటే
వాడంత జోరు.
కాశీనగరం సంతలో
ఎండుచేపల గోనెల ముందు ఆగిందట బండి.
పరీక్ష పోయింది.
సాయంత్రం పొట్లంతో ఇల్లు చేరి
ముక్కు దగ్గర పెట్టుకుని, నాకూ వాసన చూపించి,
మా సరస్సు, అమాయి, అని సైగ చేసింది.

కడుపు పట్టుకుని నవ్వాను.
తర్వాత మిషను తొక్కుతుంటే గుర్తొచ్చింది:
ఆరేళ్లప్పుడు నేనూ విదేశం చదివినదాన్నే,
మహేంద్రతనయ ఇవతల గట్టున,
ఇంటికి నాలుగు వీధుల దూరం, ఒడియా బడిలో.
ఒంటేలికి పోవాలని అడగడం రాక
బల్ల తడిపేసి
లాంగ్ బెల్లు దాకా లేవకుండా కూర్చున్నాను.

మాఘంలో ఒక రాత్రి పైన ఏడుపు.
మెట్లెక్కితే, చీకట్లో ఫోను వెలుతురు,
"అమాయి... అమాయి" అంటోంది ఫోన్లోకి.
అవతల ఒక ముసలి గొంతు,
దగ్గు,
మళ్లీ గొంతు.
మెట్టు మీదే చతికిలపడ్డాను.
అమ్మాయి కాదది.
ఆర్నెల్లు ముచ్చటగా తొడుక్కున్న చిన్నతనాన్ని
అక్కడే విప్పేసి
మోకాళ్లు పట్టుకుని కిందికి దిగాను.

తెల్లారి నీళ్లు రాలేదు.
పైనుంచి: "అమాయి!"
కిందనుంచి: "ఉండవే అమ్మాయీ, మోటారేస్తన్నాను!"
గోడవతల నుంచి సరోజిని తల ఎత్తింది:
"ఎవులు ఎవుల్ని పిలస్తన్నారే?"
జవాబు చెప్దునా,
కరెంటు పోయింది.