గంగులప్ప కర్ర

హొరమావులో అరవై నాలుగు ఇళ్ల అపార్ట్‌మెంటు.
కావేరి నీళ్లు ఇంకా రోడ్డు అవతలే ఆగిపోయి ఉన్నాయి.
సంపు మూత ఎత్తి, బోర్లా పడుకుని
లోపల సెన్సర్ బిగిస్తున్నాను.
టార్చి పట్టుకున్నాడు గంగులప్ప,
బాగేపల్లి మనిషి, పదమూడేళ్లుగా ఈ మోటారుకి కాపలా.

"నెట్టు నా ఫోన్లోనూ ఉండాది గదా మేడం,
ఇదేం నెట్టు?"

కంపెనీ నేర్పిన జవాబొకటి ఉంది నా దగ్గర.
చెప్పబోతే సంపు గోడలకి తగిలి నాకే తిరిగొచ్చింది.
మళ్లీ మొదలుపెట్టాను:
నీ ఫోన్లోది మనుషుల సంత.
పెళ్లి ఫోటోలు, టమాటా ధర, ఎవరి మీదో ఎవరికో కోపం,
ఎంత దూరం పోయినా చివర ఒక మనిషి వేలు ఉంటుంది.
ఇక్కడ వేలు లేదు.
ఇది నీళ్ల మీదకి మనకి వినపడని చప్పుడొకటి విసురుతుంది,
ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూసి లోతు కడుతుంది.
ఆ అంకె మోటారుకి చెప్తుంది.
మరీ తగ్గితే ట్యాంకరు వాళ్లకి కబురు.
నడుమ ఎవరూ ఎవర్నీ అన్నం తిన్నావా అని అడగరు.

గంగులప్ప బుర్ర గోక్కున్నాడు.
"కాడి కింద రెండెద్దుల మాదిరి అనండి.
మాటల్లేవు. ఒకటి ఆగితే రెండోది ఆగతాది."

రాసుకోవాల్సింది. రాసుకోలేదు.

గాట్లు పెట్టిన తన వెదురు కర్రని
ఆ రోజే పంపు గది తలుపు వెనక్కి చేర్చాడు.

నలభై రోజులు సెన్సరే సంపు నాడి చూసింది.
నలభై ఒకటో నాడు, అన్నాల వేళకి,
కుళాయిలన్నీ ఒక్కసారే దగ్గాయి.
యాప్‌లో మాత్రం సంపు నిండుగా ఉంది.
మోటారు ఆ మాట నమ్మి గాలిని తోడుతూనే ఉంది.
ట్యాంకరు ఆ మాట నమ్మి రాలేదు.
పై ఇళ్ల వాళ్లు
గంగులప్పని తిట్టారు.

ఫోన్లో అబద్ధం వస్తే
చెప్పినవాణ్ని నిలదీయొచ్చు, బ్లాక్ చెయ్యొచ్చు.
ఇక్కడ అబద్ధం ఉంది,
ఆడినవాడు లేడు.

మూత ఎత్తాం.
సెన్సర్ నోటికి అడ్డంగా
పావలా అంత సాలెగూడు, నడుమ దాని యజమాని.
చప్పుడు గడప దాటకుండానే వెనక్కి వస్తోంది.
జాలం, జాలం అని మనం అంటూ ఉంటే
తననే పిలిచామనుకుందో ఏమో.

గంగులప్ప నవ్వలేదు.
తువ్వాలు కొసతో గూడు తీసి
సాలీణ్ని గోడ మీదకి వదిలి
తలుపు వెనకనుంచి కర్ర తెచ్చి దించాడు.

పదకొండు అంగుళాలు, అంది నా యాప్.
తడి అంచు మీద బొటనవేలు ఆనించి
"పదకొండున్నర" అన్నాడు.

ఆ అర అంగుళం ఎవరిదో నేనింకా తేల్చలేదు.

అతను అప్పటికే ట్యాంకరు మంజణ్ణకి ఫోన్ కలిపాడు.
నీళ్ల మాట తర్వాత. ముందు
"ఊట ఆయ్తా?" అన్నాడు.
కన్నడంలో ఊట అంటే భోజనమని నాకు తెలుసు.
అయినా ఆ క్షణాన
సంపు అడుగున ఎక్కడో
చెమ్మ కదిలినట్టు వినిపించింది.