నడిమి దినాలు

కడగొద్దు, అన్నది జువైనమ్మ మొదటి ఏడే.
నల్ల ద్రాక్ష మీద బూడిద అద్దినట్టు ఉంటది చూడు,
గదే పని చేసేది. నువ్వు కాదు, నేను కాదు.
అరబ్బీల అన్నది. నాకు సగమే తెలిసింది.
తక్కిన సగం మా బాపు ముందే జెప్పి ఉన్నడు,
లొట్టి తోముతుంటె చెయ్యి పట్టుకొని:
వాసన పోనియ్యకురా, రేపటి కల్లు దాంట్లనే ఉన్నది.

పచ్చకొండ మీద, సైక్ దాటినంక,
రాళ్లు పేర్చిన మెట్లు మెట్లుగ మడులు.
అటు దానిమ్మ, ఇటు గులాబి, నడుమ
కర్రల మీదికి పాకిన ముసలి తీగలు పదిహేడు.
ఫలజ్ కాలువల మా వంతు మాపటి నమాజు తర్వాత.
గుడ్డ చుట్టిన రాయి జరిపితె నీళ్లొస్తయి,
మళ్ల మూస్తె పక్కింటోళ్ల మడికి పోతయి.
కింద మస్కట్ల నలభై ఎనిమిది డిగ్రీలంట.
ఇక్కడ రాత్రికి రగ్గు కావాలె.

ఆగస్టుల కోస్తం. ఇల్లంత వస్తరు:
అర్బాబ్ ఖల్ఫాన్, ఆయన చెల్లెండ్లు,
తెంపుడు కంటె తినుడు ఎక్కువ చేసే పిల్లలు.
చేతులతోనే పిసుకుతరు. తొక్క, గింజ, రసం
అన్నీ బహ్లా మట్టి జాడీలల్ల. మూతికి తెల్ల గుడ్డ.
చీకటి అర్ర. బస్.
చిన్న కొడుకు సాలిం పోయినేడు స్టీలు డ్రమ్ము తెచ్చిండు,
పొట్లంల పులిసే పొడి సుత.
ముసలామె డ్రమ్ముల మేకల దాణా పోసింది.

సిర్కా కావాలె ఇది. ఖల్ అంటరు వీళ్లు.
పండుగకు షువా మాంసం నానేది దీంట్లనే.
కాని రసం నేరుగ సిర్కా కాదు,
నడుమ ఒక ఊరు దాటాలె.
ఆ ఊరి పేరు ఈ ఇంట్ల ఎవ్వరు తియ్యరు.
నాలుగో దినం నుంచి అర్ర తలుపు దగ్గరికి వేసి ఉంటది.
అటు దిక్కు పోతె ఖల్ఫాన్ దగ్గుకుంట పోతడు,
లోపట పెద్దమనిషి ఎవరో
బట్టలు మార్చుకుంటున్నట్టు.

జువైనమ్మకు చెవులు మందమైనయి.
ముందల తనే జాడీకి చెంప ఆనించి వినేదంట.
ఇప్పుడు నన్ను పిలుస్తది, రాత్రి, టార్చి పట్టుకొని.
ఇస్మా, అంటది. విను.
వంగి చెవి పెడుత.
ఎండుటాకుల మీద తొలి చినుకుల లెక్క చిటపట.
ఈ సప్పుడు నాకెరికే.
తెల్లారుజాముల ముత్తాదు నడుముకు, మోకు భుజాన,
మట్టల నడుమ లొట్టి దించుతుంటె
చెవి పక్కపొంటి గిట్లనే గొణుగుతుండేది.
ఇంక మాట్లాడుతున్నది, అంట, వేళ్లు ఆడించి.
నీకెట్ల తెలుసని ఆమె అడగదు.
ఏండ్ల కింద నీ ఇంట్ల ఈ జాడీలు ఎందుకుండెనని
నేను అడగ.

ఒక్క రాత్రి, పదకొండో దినమో పన్నెండో,
ఆమె పోయినంక గుడ్డ అంచు లేపిన.
అబద్ధమెందుకు. ఒక్క వేలు.
మొదలు తీపి, ఎనుక చిన్న కరకు,
ఆ ఎనుక మా ఊరి ఈత వనం మొత్తం,
ప్లాట్లు కాకముందుటిది,
హద్దురాళ్లకు ఎర్ర రంగు పడకముందుటిది.
మళ్ల గుడ్డ కట్టిన. ముడి ఆమె వేసినట్టే వేసిన.
తెల్లారి ఆమె ముడిని చూసింది, నన్ను చూసింది,
రెండు ఖర్జూరాలు, కాహ్వా గిన్నె
నా ముందల పెట్టింది.

ఆ వారం పాత జాడీ నుంచి తోడు తీసి వేసింది.
కార్జం ముక్క లెక్క జారే పొర.
అత్త ఇచ్చిందంట, ఆ అత్తకు ఆమె అత్త.
దాన్ని అమ్మ అంటరు వీళ్లు.
అంతటితో అర్ర తలుపు తెరిచిన్రు,
ఖల్ఫాన్ దగ్గు తగ్గింది.

ఫోన్ల బాపుకు జెప్పిన. చాలసేపు నవ్విండు.
మంచి కల్లును పులగొట్టుడు నేర్వనీకి
సముద్రం దాటినవా బిడ్డా, అన్నడు.
నవ్వు ఆగినంక మెల్లగ:
నడుమ ఎన్ని దినాలుంటది?
మూడు వారాలు. ఒక్కోసారి నెల.
ఎవ్వరు చూడరా?
చూడరు బాపు. వింటరు.
అటు దిక్కు సప్పుడు లేదు. లైను తెగిందనుకున్న.
ఏ చెట్టు యాస దానిదేరా, అన్నడు ఆఖరుకు,
ఒకటి విని అన్నిటికి జెప్పకు.

జాడీలు ఐదున్నయి. ఇయ్యాల్టి దాక
తలుపు దగ్గరి దాన్నే విన్న.
ఫలజ్ వంతు సుత రేపే.